ఓటెందుకు అని అడిగిన నాన్నకి

చిరంజీవి నాన్నకి, టెక్సస్‌లోని ప్లేనో నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న నువ్వు పెట్టిన మెసేజ్ గురించే ఈ ఉత్తరం. అమెరికా సిటిజన్‌షిప్ ప్రమాణం చేసొచ్చావు గానీ ఓటరుగా మాత్రం నమోదు చేసుకోనంటున్నావు. "ఏ రాయైతేనేం పెద్దమ్మా, పళ్ళూడగొట్టుకోడానికి" అన్నావు. ఫోన్లో మాట్లాడితే నువ్వొకటి, నేనొకటి అని పెట్టేస్తాం. అందుకే రాస్తున్నాను.

నాయకుల మీద నీ కోపంలో న్యాయం ఉంది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి దాదాపు 1,40,000. అందులో ఏ దేశానికీ 7 శాతం దాటకూడదని 1990 నాటి చట్టం. ఐస్‌లాండ్‌కీ అంతే, ఇండియాకీ అంతే. ఆ పరిమితి తీసేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో నెగ్గింది. రెండు పార్టీల వాళ్ళూ కలిసే ఓటేశారు. 2020 డిసెంబరులో సెనేట్ కూడా తన మార్పులతో ఆమోదించింది. కానీ ఆ రెంటినీ కలిపి ఒక్క చట్టం చేసేలోపే ఆ కాంగ్రెస్ (ఈ రెండు సభలూ కలిసిన ఇక్కడి పార్లమెంటు) గడువు అయిపోయింది. 2022 డిసెంబరులో ఇంకో బిల్లు ఓటింగుకి వస్తోందన్నారు, తీరా సమయానికి వెనక్కి తీసుకున్నారు. అందరూ సరేనన్నారు, పని మాత్రం జరగలేదు. కాదని మొహం మీద చెప్పినవాడి కన్నా ఇలాంటివాళ్ళ మీదే మనిషికి ఎక్కువ మండుతుంది.

ఆ తర్వాత 2025 సెప్టెంబరులో ఒక శుక్రవారం, కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసాకి లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన వచ్చింది. సెలవు మీద ఇండియా వెళ్ళినవాళ్ళు ఎంత రేటైనా పెట్టి టికెట్లు కొనుక్కుని పరుగెత్తుకొచ్చారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి ఇది వర్తించదని మర్నాడు తీరిగ్గా చెప్పారు. ఆ టెన్షన్‌కి జవాబుదారీ ఎవరు? ఎవరూ లేరు.

అయితే ఇది వలస వచ్చిన మనకొక్కరికే ఉన్న బాధ అనుకోకు. 1958లో ప్రభుత్వం చాలావరకు సరైన పనే చేస్తుందని నమ్మిన అమెరికన్లు నూటికి డెబ్బై మందికి పైనే. ఈమధ్య సర్వేల్లో అది ఇరవైకి అటూ ఇటూ. వియత్నాం యుద్ధంలో చెప్పిన అబద్ధాలు, 1974లో అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా, 2003లో ఉన్నాయని చెప్పి యుద్ధానికి దిగితే ఇరాక్‌లో దొరకని ఆయుధాలు, 2008లో బ్యాంకులకి 70,000 కోట్ల డాలర్ల సాయం మంజూరవుతుంటే మరోపక్క ఇళ్ళు పోగొట్టుకున్న జనం, ఇవన్నీ కలిసి ఆ నమ్మకాన్ని తినేశాయి. మా వీధిలో ఉండే తెల్ల ముసలాయన వాళ్ళబ్బాయి ఇరాక్‌లో పనిచేసి వచ్చాడు. ఆ పెద్దాయన మాట్లాడితే నీ మెసేజ్ చాలా మెత్తగా ఉందనిపిస్తుంది. 2025 అక్టోబరులో మొదలైన షట్‌డౌన్ (ఖర్చుల బిల్లు కుదరక ప్రభుత్వం పని ఆగిపోవడం) 43 రోజులు సాగింది. విమానాలని నడిపించే కంట్రోలర్లు జీతాల్లేకుండా డ్యూటీ చేశారు, కాంగ్రెస్ సభ్యుల జీతాలు మాత్రం ఆగలేదు. దాన్ని చూసి ఒళ్ళు మండనివాడెవడు?

కాబట్టి నాయకుల్ని నమ్మమని నేను చెప్పను. వాళ్ళని నమ్మడం ఎప్పుడో మానేసి కూడా నేను ఓటేస్తున్నాను. మనవాళ్ళకి ఒక అలవాటుంది, హీరో కటౌట్‌కి పాలాభిషేకం చేసినట్టే నాయకుడికీ చేస్తారు. ఆయన మనల్ని పట్టించుకోకపోతే అలుగుతారు. ఆయన మన మనిషి కాదు నాన్నా, మనం పన్ను కట్టి పెట్టుకున్న పనివాడు. నా ఓటు అభిమానంతో వేసేది కాదు, ఇద్దరిలో ఎవరిచేత నా పని కొంచెమైనా జరుగుతుందో చూసి వేసేది. మనసుకి నచ్చే అభ్యర్థి దొరికిన సందర్భాలు చాలా తక్కువ.

నువ్వు ముందు చెయ్యాల్సిన పని, ఏది ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడం. నీ విసుగులో సగం, వాషింగ్టన్‌లో తేలాల్సినవీ మన ఊళ్ళో తేలాల్సినవీ ఒకే మూట కట్టుకోవడం వల్ల వచ్చింది. మన ఇంటి పన్నులో పెద్ద వాటా ఇక్కడి ప్రభుత్వ బళ్ళని నడిపే స్కూల్ డిస్ట్రిక్టుకే పోతుంది. 2024లో ఇక్కడి స్కూల్ బోర్డు నాలుగు బళ్ళు మూసేయాలని తీర్మానించింది. అది చేసింది అధ్యక్షుడు కాదు, సెనేటరూ కాదు. మేలో జరిగే ఎన్నికలో, ఓటర్లలో చాలామంది ఇంట్లో కూర్చుంటే, వచ్చిన కొద్దిమంది ఎన్నుకున్న ఏడుగురు. నేను పోలింగ్ క్లర్కుగా కూర్చుంటాను కదా, అలాంటి రోజుల్లో మా టేబుల్ దగ్గర ఈగలు తోలుకోవడమే పని. అదే అధ్యక్ష ఎన్నికకి పార్కింగ్ దొరకదు. నీ ఒక్క ఓటుకి ఎక్కడ బరువెక్కువో ఆలోచించు.

ఇంకోటుంది, ప్రైమరీ, అంటే ఒక పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లే తేల్చే ముందస్తు ఎన్నిక. 2025 ఆగస్టులో టెక్సస్ నాయకులు తమ పార్టీకి అయిదు సీట్లు కలిసొచ్చేలా నియోజకవర్గాల గీతలు మళ్ళీ గీశారు. దానికి బదులుగా కాలిఫోర్నియా వాళ్ళు నవంబరులో అవతలి పార్టీకి కలిసొచ్చేలా గీశారు. ఓటర్లు నాయకుల్ని ఎంచుకోవడం పోయి, నాయకులే ఓటర్లని ఎంచుకుంటున్నారు. ఇలా గీసిన చాలా చోట్ల నవంబరు ఎన్నిక లాంఛనమే, అసలు పోటీ ప్రైమరీలోనే తేలిపోతుంది. 2022లో టెక్సస్ ప్రైమరీకి నమోదైన ఓటర్లలో అయిదో వంతు కూడా రాలేదు. ఇక్కడ పార్టీ సభ్యత్వం అక్కర్లేదు, ఏదో ఒక పార్టీ ప్రైమరీలో ఓటెయ్యొచ్చు. మీ నియోజకవర్గంలో గెలిచే పార్టీ నీకు నచ్చకపోయినా, ఆ పార్టీ తరఫున మూర్ఖుడు నిలబడాలా, కాస్త ఇంగితం ఉన్నవాడు నిలబడాలా అన్నది నువ్వు చెప్పొచ్చు. ఇది చాలామందికి రుచించదు. నాకైతే ఇదే అన్నిటికన్నా తెలివైన ఓటు అనిపిస్తుంది.

ఒక్క ఓటుతో ఏమవుతుందంటావా? వర్జీనియాలో 2017లో ఒక శాసనసభ సీటుకి ఇద్దరికీ సరిగ్గా 11,608 ఓట్లొచ్చాయి. 2018 జనవరిలో గిన్నెలో చీటీలు వేసి తీశారు. ఆ చీటీతోనే సభలో మెజారిటీ ఎవరిదో తేలింది. ఇలాంటివి అరుదే, రోజూ జరిగేవని చెప్పి నిన్ను మభ్యపెట్టను. కానీ ఆ రోజు అక్కడ ఓటెయ్యకుండా ఇంట్లో ఉండిపోయిన వాళ్ళ సంగతి ఆలోచిస్తుంటాను.

ఓటు కాకుండా చేతిలో ఉన్నది ఫోను. కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో కేస్‌వర్కర్ అని ఉంటారు. పాస్‌పోర్టు రాకపోయినా, టాక్స్ రిఫండ్ ఇరుక్కుపోయినా, ఇమిగ్రేషన్ దరఖాస్తు మామూలు గడువు దాటినా ఆ డిపార్టుమెంటుని అడగడం వాళ్ళ ఉద్యోగం. వాషింగ్టన్ నంబరుకి కాదు, మీ ఊరి దగ్గరున్న డిస్ట్రిక్ట్ ఆఫీసుకి చెయ్యి. నీ వివరాలు వాళ్ళు అడిగి తెలుసుకోవడానికి ఒప్పుకుంటూ ప్రైవసీ రిలీజ్ ఫారం మీద సంతకం అడుగుతారు, దరఖాస్తు రిసీట్ నంబరు దగ్గర పెట్టుకో. గ్రీన్ కార్డు వరసలో చోటు చెప్పే ప్రయారిటీ డేట్‌ని వాళ్ళు ముందుకి జరపలేరు, చట్టం మార్చలేరు. ఆగిపోయిన ఫైలు కదలొచ్చు, అంతవరకే ఆశించు. దీనికి సిటిజన్ కానక్కర్లేదు, ఓటేసి ఉండనక్కర్లేదు. కోడలి తమ్ముడి దరఖాస్తు ఆగిపోయిందన్నావు కదా, అతన్ని చెయ్యమను.

ఏదైనా బిల్లు గురించి చెప్పాలంటే మాత్రం నిమిషంలో ముగించు. పేరు, జిప్ కోడ్, బిల్లు నంబరు, ఓటెయ్యండి లేదా వెయ్యొద్దు, అది నీ ఇంటిని ఎలా తాకుతుందో ఒక్క మాట. వాట్సాప్ గ్రూపులో తిరిగే ఒకే మూస ఈమెయిల్‌ని వందమంది పంపితే వాళ్ళు అంకె వేసుకుని ఊరుకుంటారు. సొంత మాటలతో రాసింది చదువుతారు. ప్రభుత్వ శాఖ కొత్త నిబంధన ప్రతిపాదించినప్పుడు కూడా ఇంతే. సాధారణంగా 30 నుంచి 60 రోజులు జనాభిప్రాయం తీసుకుంటారు. అందులో పసగల అభ్యంతరాలకి జవాబు చెప్పకుండా నిబంధన తెస్తే కోర్టులు కొట్టేసే అవకాశం ఉంది. అందుకని తిట్లు రాయకు, లెక్కలు రాయి.

టీవీ తగ్గించు. రాత్రి తొమ్మిదింటికి అరిచేవాళ్ళకి నీ కోపమే జీతం. మీ సభ్యుడు ఏం వాగాడో కాదు, ఎలా ఓటేశాడో చూడు. అది కాంగ్రెస్ సొంత సైట్‌లోనే దొరుకుతుంది. మన తెలుగు గ్రూపులంటావా, డాలస్‌లో కూర్చుని ఆంధ్రాలో ఎవరికి టికెట్ వస్తుందో గంటలు గంటలు కొట్టుకుంటారు, వాళ్ళ సిటీ కౌన్సిల్‌లో ఉన్నదెవరో ఒక్కరికీ తెలీదు. దాని జోలికి పోను, బీపీ పెరుగుతుంది.

ఇప్పుడు అసలు పని. టెక్సస్‌లో డ్రైవింగ్ లైసెన్సు ఆన్‌లైన్‌లో రెన్యూ చేసుకునేటప్పుడు తప్ప, ఆన్‌లైన్‌లో కొత్తగా ఓటరు నమోదు చెయ్యరు. ఫారం నింపి, సంతకం పెట్టి, కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసుకి పోస్టు చెయ్యాలి, ఎన్నికకి 30 రోజుల ముందే. 2026 నవంబరు 3న మధ్యంతర ఎన్నికలు (అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే కాంగ్రెస్ ఎన్నికలు), లెక్క నువ్వే చూసుకో. ఓటరు జాబితాలో పేరుంటే జ్యూరీకి పిలుస్తారని భయపడి మానేసేవాళ్ళున్నారు. డ్రైవింగ్ లైసెన్సు జాబితా నుంచి కూడా పిలుస్తారు కాబట్టి ఆ తెలివి పనికిరాదు. మీ అమ్మానాన్నలకి మాత్రం గట్టిగా చెప్పు. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు, లైసెన్సు ఆఫీసులో ఎవరు అడిగినా, ఓటరు ఫారం మీద సంతకం పెట్టకూడదు. పొరపాటున పెట్టినా దేశం నుంచి పంపేసేదాకా పోవచ్చు. చందాల సంగతీ చూసుకో. గ్రీన్ కార్డు వాళ్ళు అభ్యర్థికి ఇవ్వొచ్చు, హెచ్-1బి మీద ఉన్న నీ ఫ్రెండ్స్ ఇవ్వకూడదు. ఫండ్‌రైజర్ అని ఫొటోల కోసం వెళ్ళి వాళ్ళు చిక్కుల్లో పడతారు.

ఫారం ఈ ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు నా దగ్గర తీసుకో, నాలుగు ప్రింట్ తీసి పెట్టాను. నమోదయ్యాక మా బూత్‌లో క్లర్కుగా చేరతావేమో కూడా చూడు. ట్రైనింగ్ వాళ్ళే ఇస్తారు, గంటకి ఇంత అని డబ్బులూ ఇస్తారు. పొద్దున్నే వెళ్ళి రాత్రిదాకా ఉండాలి, పులిహోర నేను తెస్తాను.

మీ పెద్దమ్మ