ఆన్‌లైన్ పాఠం పలకకపోతే ముందు ఏం చూడాలి: మేనకోడలికి ఉత్తరం

పెదవాల్తేరు,
విశాఖపట్నం

చిరంజీవి అమ్మలూకి అత్త ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. గాజువాక హాస్టల్లో చూపు లేని పిల్లల కోసం మీరు పెట్టిన ఆడియో పాఠాలు సగం కంప్యూటర్లలో పలకడం లేదనీ, ప్లేయర్ తీసేసి మళ్లీ ఎక్కించినా అదే తంతు అనీ రాశావు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, నీ టెన్షన్ నాకు తెలుసు. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసినన్నాళ్లూ ఇలాంటివి చాలా చూశాను. ఫోన్లో చెబితే సగం జారిపోతుంది, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఇంకోసారి ప్లేయర్‌ని తీసెయ్యకు. తప్పెక్కడుందో తేలకుండా ఏదో ఒకటి మార్చేస్తే, ఒకవేళ పలికినా ఎందుకు పలికిందో తెలియదు. వారం తిరిగేసరికి మళ్లీ ఆగితే మళ్లీ మొదటికే వస్తావు. ఒక్కసారికి ఒక్కటే మార్చు, మార్చినది కాగితం మీద రాసుకో.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. పలకని కంప్యూటర్లు రెండు, పలికేది ఒకటి తీసుకో. మూడింట్లోనూ అవే మూడు పాఠాలు, అదే ప్లేయర్‌లో పెట్టి చూడు. ఒక పాఠం ఏ కంప్యూటర్లోనూ పలకకపోతే తప్పు ఫైలుదో, లింకుదో. ఒక కంప్యూటర్లో ఏ పాఠమూ పలకకపోతే తప్పు ఆ కంప్యూటర్‌ది. దీనికి పావుగంట పట్టదు, కానీ వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. అక్కడే ఇంకొక పరీక్ష కూడా చెయ్యి. పెన్‌డ్రైవ్‌లో ఉన్న మామూలు ఎంపీ3 ఒకటి అదే ప్లేయర్‌లో వెయ్యి. అది పలికిందంటే ప్లేయరూ స్పీకరూ బాగానే ఉన్నట్టు, ఇక వాటి జోలికి పోనక్కర్లేదు.

లింకు సంగతి కాస్త వివరంగా చెబుతాను, నా అనుభవంలో ఎక్కువ తంటా ఇక్కడే. మీ వాళ్లు పాఠాలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టి షేర్ లింకు పంపుతున్నారని అన్నావు. ఆ లింకు ఫైలుది కాదు తల్లీ, ఫైలుని చూపించే పేజీది. బ్రౌజర్‌లో అయితే ఆ పేజీ తెరుచుకుని పాఠం వినిపిస్తుంది. అదే లింకు మీరు వాడే వీఎల్‌సీ ప్లేయర్‌కి ఇస్తే దానికి చేతికొచ్చేది వెబ్ పేజీ, ఆడియో కాదు. నీ ల్యాప్‌టాప్‌లో పలుకుతోంది కదా అని మోసపోకు. నువ్వు నీ ఖాతాలో లాగిన్ అయి ఉన్నావు, హాస్టల్ కంప్యూటర్లు లేవు. లింకు నిజంగా అందరికీ తెరుచుకుంటుందో లేదో తెలియాలంటే బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో, అంటే నీ లాగిన్ లేని కిటికీ, తెరిచి అక్కడ అతికించు. అక్కడ లాగిన్ అడిగిందంటే పిల్లల దగ్గర కూడా అదే అడుగుతోంది. వాళ్లకి ఆ పేజీ కనపడదు, ఏమీ వినపడదు, అంతే.

అనుమానం తీరకపోతే ఫైలుని డౌన్‌లోడ్ చేసి సైజు చూడు. గంట పాఠం 64 కేబీపీఎస్‌లో (సెకనుకి ఎన్ని కిలోబిట్లు అన్న లెక్క) రికార్డు చేస్తే సుమారు 29 ఎంబీ ఉండాలి, 128 అయితే 58 ఎంబీ దగ్గర. వచ్చిన ఫైలు ఏ 3 కేబీయో, 40 కేబీయో ఉంటే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరువు. పైన హెచ్‌టీఎంఎల్ అన్న అక్షరాలు కనపడితే అది ఎంపీ3 పేరు తగిలించుకున్న వెబ్ పేజీ. మంచి ఎంపీ3 అయితే లోపలంతా పిచ్చి గీతల్లా ఉంటుంది, చాలావాటిలో మొట్టమొదట ఐడీ3 అన్న మూడు అక్షరాలుంటాయి. ఓగ్ ఫైలు మొదట్లో ఓగ్‌ఎస్ అనీ, వేవ్ ఫైలు మొదట్లో రిఫ్ అనీ ఉంటుంది. పేరు చివర ఏం రాసి ఉన్నా నమ్మకు, ఈ అక్షరాల్ని నమ్ము.

ఎం3యు, పీఎల్ఎస్ అని వచ్చేవి కూడా ఆడియో ఫైళ్లు కావు. ఆడియో ఎక్కడుందో రాసిన చీటీలు. వాటిని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపల అడ్రసు కనపడుతుంది. చీటీ బాగుండి లోపలి అడ్రసు పాతబడిపోవడం మామూలే. కొన్ని సైట్లు ఇచ్చే లింకులకి గడువు ఉంటుంది. పొద్దున్న పలికి సాయంత్రానికి ఆగిపోయిందంటే మొదట అనుమానించాల్సింది అదే.

కంప్యూటరే తప్పు అని తేలితే కుడివైపు కింద మూల తేదీ చూడు. నవ్వకు, ఇది పెద్ద విషయం. హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే లింకు తెరవడానికి ముందు కంప్యూటర్ ఆ సైటు సర్టిఫికెట్ (సైటు అసలుదేనని చెప్పే గుర్తింపు పత్రం లాంటిది) గడువు సరిచూస్తుంది, ఆ లెక్క కంప్యూటర్ తేదీని బట్టే. హాస్టల్‌కి దానంగా వచ్చిన పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయి, కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు మంచి లింకు కూడా తెరుచుకోదు, పెన్‌డ్రైవ్ ఫైలు మాత్రం చక్కగా పలుకుతుంది. సీఆర్ 2032 అని అడిగితే వాచీల షాపులో కూడా దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్ మరీ పాతదైనా ఇదే జబ్బు. 2021 సెప్టెంబర్ 30న చాలా సైట్లు ఆధారపడ్డ ఒక పాత మూల సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు, ఎన్నాళ్లుగానో అప్‌డేట్ చెయ్యని పరికరాలు చాలా చోట్ల మొరాయించాయి. కాబట్టి అప్‌డేట్ చెయ్యి. తీసేసి పెట్టడం వేరు, అప్‌డేట్ వేరు.

హాస్టల్ వైఫైకి లాగిన్ పేజీ ఉంటే అది కూడా చూడు. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, లాగిన్ కాకపోతే ఏ లింకు అడిగినా ఆ పేజీయే వస్తుంది.

పలికి పలికి ఆగుతోందంటే అది వేరే కథ. అక్కడ నెట్ స్పీడు చాలడం లేదు. ఇరవై మంది ఒకేసారి 128 కేబీపీఎస్ పాఠం వింటే రెండున్నర ఎంబీపీఎస్ కావాలి. మాట మాత్రమే ఉన్న పాఠానికి 64 కేబీపీఎస్ మోనో (ఒకే చానెల్) చాలు, అంత నాణ్యత అక్కర్లేదు. వీఎల్‌సీలో కంట్రోల్+ఎన్ నొక్కి లింకు ఇచ్చే చోట మరిన్ని ఆప్షన్లు టిక్ పెడితే క్యాషింగ్ అని వస్తుంది, పలికే ముందు ఎంత ఆడియో దాచుకోవాలో చెప్పేది అది, మామూలుగా 1000 మిల్లీసెకన్లు ఉంటుంది. దాన్ని 5000 చెయ్యి. మొదలవడం కాస్త ఆలస్యమవుతుంది, మధ్యలో తెగడం తగ్గుతుంది.

ఫైలు రకం గురించి రెండు ముక్కలు. వాట్సాప్‌లో మాస్టార్లు పంపే వాయిస్ నోట్లు ఓపస్‌లో ఉంటాయి, పాత విండోస్ మీడియా ప్లేయర్ వాటిని తెరవదు. అన్నీ ఎంపీ3కి మార్చి పెట్టండి, రకరకాలు వద్దు. డైసీ పుస్తకాలు (చూపు లేనివాళ్ల కోసం చేసే ఆడియో పుస్తకాలు) జిప్‌గా వస్తే ముందు విప్పాలి, జిప్‌ని ప్లేయర్‌కి ఇస్తే ఏమీ పలకదు.

అన్నీ బాగుండి శబ్దం మాత్రం లేకపోతే విండోస్‌లో అవుట్‌పుట్ హెడ్‌ఫోన్‌కి ఉందో మానిటర్‌కి ఉందో చూడు. హెడ్‌ఫోన్ పిన్ను కూడా చూడు. మన సముద్రపు గాలికి పిన్నులు చిలుమెక్కి ఒక చెవిలోనే వినపడడం నేను చాలా చూశాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే పోతుంది.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది చెబుతాను. మనకి తెర మీద ఎర్రర్ కనపడుతుంది. ఆ పిల్లలకి ఏమీ వినపడకపోవడమే ఎర్రర్. తమ చేతుల్లోనే ఏదో తప్పు జరిగిందనుకుని వాళ్లు అడగడం మానేస్తారు, అది నేను కళ్లారా చూశాను. నువ్వు ఆ అలవాటు మాన్పించాలి. తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ వాడుతున్నారు కాబట్టి, పాఠం పలకకపోతే ఇన్సర్ట్+బి నొక్కమని నేర్పించు. ముందున్న డైలాగ్ మొత్తం చదివి వినిపిస్తుంది. వీఎల్‌సీ లింకు తెరవలేకపోతే ఆ అడ్రసుతో సహా చెబుతుంది. కంట్రోల్+ఎం నొక్కితే వివరాల కిటికీ తెరుచుకుంటుంది. 404 అని వినపడితే ఫైలు అక్కడ లేదు, 403 అంటే లోపలికి రానివ్వడం లేదు, సర్టిఫికెట్ అన్న మాట వినపడితే తేదీ చూడాలి. ఈ మూడూ వాళ్లకి వస్తే నీకు ఫోన్ చేసేటప్పుడు ఏం జరిగిందో సరిగ్గా చెప్పగలరు. సగం సార్లు నీ అవసరమే ఉండదు. ఎన్‌వీడీఏ ఉచితం, వీఎల్‌సీ ఉచితం, ఖర్చు సమస్యే లేదు.

ఇవన్నీ చేస్తూనే, ఈ పరీక్షల పాఠాలు మాత్రం ఇవాళే డౌన్‌లోడ్ చేసి హాస్టల్లో ఒక కంప్యూటర్లో పెట్టు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు మన ఊళ్లో కరెంటు, సెల్ సిగ్నళ్లు రోజుల తరబడి లేవు, నీకు గుర్తుండే ఉంటుంది. తుపాను దాకా ఎందుకు, రోడ్డు తవ్వేవాళ్లు కేబుల్ తెంపినా చాలు. యాభై గంటల పాఠం 64లో ఒకటిన్నర జీబీ కూడా కాదు, పాత పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది.

రేపు వెళ్లినప్పుడు పలకని కంప్యూటర్లో కంట్రోల్+ఎం వివరాలు మొత్తం కాపీ చేసి, ఆ లింకుతో కలిపి నాకు వాట్సాప్ చెయ్యి. ఆ కంప్యూటర్ చూపించే తేదీ కూడా రాయి. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేసినా ఎత్తుతాను.

మీ
అత్త