సలహా చెప్పని లైఫ్ కోచ్‌కు పెట్టే డబ్బు దండగేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఉద్యోగం మారాలా వద్దా తేల్చుకోలేక లైఫ్ కోచ్ దగ్గర చేరారు, ఆయన సలహా ఒక్కటీ చెప్పకుండా ప్రశ్నలే వేస్తున్నారు, డబ్బు దండగేమోనని మీ అనుమానం. అవునో కాదో ఆయన వేసే ప్రశ్నలను బట్టి ఉంటుంది. నేనూ ఆ దారిలో నడిచినవాడినే కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

మాది అనంతపురం. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూసేవాడిని. ఊళ్లో నాన్న చీనీ తోట సాగుచేస్తారు. బోర్లు ఒక్కొక్కటే ఎండిపోయి, మిగిలిన ఒక్కదానికీ ట్యాంకరు నీళ్లు తోడుచేసి చెట్లను బతికించుకుంటున్న రోజుల్లో నాకు బెంగళూరులో మంచి ఉద్యోగం ఖాయమైంది. ఇక సలహాలకు కొదవా? వెళ్లకపోతే నీ అంత తెలివితక్కువవాడు లేడన్నారు కొందరు. ఈ వయసులో తండ్రిని వదిలి వెళ్తావా అన్నారు ఇంకొందరు. మా బాబాయి అయితే కనిపించినప్పుడల్లా "అక్కడ ఇంటి అద్దెలు ఎంతో తెలుసా నీకు?" అని అడిగేవారు. పైకి ప్రశ్నే, లోపల ఉన్నది మాత్రం "వెళ్లొద్దు" అనే. మీ కోచ్ కూడా ఈ రకం ప్రశ్నలే వేస్తుంటే వెంటనే మానేయండి. ఆ పని చుట్టాలు ఉచితంగానే చేసిపెడతారు.

నాతో ఫోనులో మాట్లాడిన కోచ్ తీరు వేరు. "నాన్న ఒప్పుకోరు మేడమ్" అని మొదలుపెట్టి తోట సంగతి, అప్పుల సంగతి, అమ్మ ఆరోగ్యం అన్నీ ఏకరువు పెట్టాను. అంతా విన్నాక ఆమె అడిగింది ఒక్కటే: "ఒప్పుకోనని నాన్నగారు మీతో ఎప్పుడన్నారు?"

నాకు వెంటనే మాట రాలేదు. ఆయన ఎప్పుడూ అనలేదు మరి. ఆమె కూడా "చూశారా" అనో, "అయితే వెళ్లి అడగండి" అనో అనలేదు. అడిగి ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం కూడా కోచింగ్‌లో భాగమేనని తర్వాత తెలిసింది. మనం ముందే వల్లించుకున్న జవాబు మొదట వస్తుంది. ఎదుటివాళ్లు తొందరపడకపోతేనే దాని వెనకున్నది బయటికి వస్తుంది.

ఆ ఆదివారం తోటకు వెళ్లాను. నాన్న డ్రిప్పు పైపుల చివర మూతలు విప్పి, లోపల పేరుకున్న మట్టిని నీళ్లతో పోగొడుతున్నారు. పక్కన కూర్చుని విషయం కదిపాను. ఆయన తల ఎత్తకుండానే "నువ్వు ఇక్కడే ఉంటే బోరులో నీళ్లు పడతాయా?" అన్నారు. కాసేపాగి, "ట్యాంకరు లెక్కలు మాత్రం నాకు తెగవు, అవి నువ్వు చూడాలి" అన్నారు. ఏ శిక్షణా లేని మనిషి వేసిన ఆ ప్రశ్నకు నేను ఇప్పటికీ జవాబు చెప్పలేదు. లెక్కలు మాత్రం ఫోనులో నేనే చూస్తున్నాను. బెంగళూరు నుంచి ఇంటికి నాలుగైదు గంటల ప్రయాణం, అంతే.

"ఎప్పుడన్నారు?" అని కోచ్ అడిగినలాంటి ప్రశ్న చేసేదల్లా మనం ఊహించుకున్నదాన్నీ జరిగినదాన్నీ విడదీయడమే. మరో రకం, మనల్ని మన సమస్య నుంచి కాస్త పక్కకు జరిపేది: "ఇదే చిక్కుతో మీ తమ్ముడు వస్తే ఏం చెప్తారు?" వినడానికి తేలికగా ఉంటుంది కానీ దీని వెనక పరిశోధన ఉంది. మనుషులు సొంత సమస్య కంటే ఇతరుల సమస్య గురించి ఎక్కువ వివేకంతో ఆలోచిస్తారనీ, సొంత సమస్యనే బయటి మనిషిలా చూస్తే ఆ తేడా పోతుందనీ ఇగోర్ గ్రాస్‌మన్, ఈథన్ క్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించారు.

అంకెల ప్రశ్న కూడా మీకు ఎదురై ఉంటుంది. నిర్ణయానికి ఎంత దగ్గరగా వచ్చారో, సున్నా నుంచి పది వరకు మీరు ఎక్కడున్నారో చెప్పమంటారు. అమెరికాలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ దంపతులు తమ మానసిక చికిత్సా పద్ధతిలో బాగా వాడిన ప్రశ్న ఇది. నేను "నాలుగు" అన్నాను. పది ఎందుకు కాలేదని అడుగుతారనుకుని సంజాయిషీ సిద్ధం చేసుకుంటుంటే, ఆమె "రెండు కాకుండా నాలుగు దాకా ఎలా వచ్చారు?" అన్నారు. నా చేతిలో అప్పటికే ఉన్నవేమిటో వెతుక్కోవలసి వచ్చింది. అంకెలో ఏమీ లేదు. కిటుకంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

జాన్ విట్‌మోర్ అనే బ్రిటిష్ కోచ్ ప్రచారంలోకి తెచ్చిన గ్రో పద్ధతి, అంటే లక్ష్యం, ప్రస్తుత స్థితి, మార్గాలు, సంకల్పం అనే నాలుగు మెట్ల వరస, చాలామంది కోచ్‌లకు కంఠతా వచ్చు. పద్ధతి మంచిదే. కానీ బ్యాంకు ఫారం నింపించినట్టు వరసగా అడుగుతూ పోయేవాళ్లంటే నాకు పడదు. మీరు చివరన అన్న మాటలోంచి తర్వాతి ప్రశ్న పుడుతుందా లేదా చూడండి. పుడుతుంటే ఆయన మీ మాట వింటున్నట్టు.

ఒక హెచ్చరిక. మన దేశంలో లైఫ్ కోచ్‌కు ప్రభుత్వ లైసెన్సు అంటూ ఏదీ లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే గుర్తింపు ఉందేమో అడగండి. నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలనిపించని స్థితి ఉంటే అది కోచ్ చేతిలో పని కాదు. 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్ అనే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.

మీ విషయానికి వస్తే, వచ్చేసారి కూర్చున్నప్పుడు ఆయన్నే అడగండి: "మీరు ఇప్పుడు వేసిన ప్రశ్నకు నా జవాబు ఏమిటో మీకు ముందే తెలుసా?" తెలుసంటే, లేదా తడబడితే, ప్యాకేజీలో మిగిలిన డబ్బు వాపసు ఇస్తారేమో కనుక్కోండి. తెలియదని నిమ్మళంగా చెప్తే ఇంకో నెల చూడండి.