మెడిసిన్‌కి ఏ మేజర్? సీటు రాకపోతే అమ్మాయి ఏం చేస్తుందో ముందు చూడండి

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం, గ్రీన్‌కార్డు ఉంది. అమ్మాయి ఈ ఏడాది హైస్కూలు పూర్తిచేసి, 2026 ఫాల్‌లో కాలేజీలో చేరుతుంది. డాక్టర్ కావాలన్నది తన పట్టుదల. అయితే డిగ్రీలో ముఖ్య సబ్జెక్టుగా (మేజర్) స్టాటిస్టిక్స్ చేస్తానంటోంది. బయాలజీ అయితేనే మంచిదని మా భయం. పిల్లల చదువు కోసం పొదుపు చేసే 529 ఖాతాలో 1,50,000 డాలర్లున్నాయి. స్టేట్ యూనివర్సిటీలో అన్నీ కలిపి ఏడాదికి 30,000, పేరున్న ప్రైవేటులో 85,000 అవుతుంది. ఏది మేలు?

జవాబు: స్టాటిస్టిక్స్, స్టేట్ యూనివర్సిటీ. ఎందుకో చెబుతాను.

ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటేనే మెడిసిన్ అన్న లెక్క అమెరికాలో లేదు. ఇక్కడ నాలుగేళ్ల డిగ్రీ తర్వాతే మెడిసిన్. దానికి తయారయ్యే ప్రీ-మెడ్ అనేది మేజరే కాదు. మెడికల్ కాలేజీలు అడిగేది కొన్ని కోర్సులు: బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబ్‌తో సహా ఏడాదేసి, ఒక సెమిస్టర్ బయోకెమిస్ట్రీ, ఇంగ్లీషు, లెక్కలు లేదా స్టాటిస్టిక్స్. టెక్సాస్ కాలేజీలు బయాలజీ ఇంకాస్త ఎక్కువ అడుగుతాయి. మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ కోసం సైకాలజీ, సోషియాలజీ కూడా చదవాలి. ఇవన్నీ ఏ మేజర్ పక్కనైనా పడతాయి.

దేశం మొత్తం మీద ఏటా దరఖాస్తు చేసినవాళ్లలో సగానికి పైగా సీటు రాక ఆగిపోతారు. అప్పుడు చేతిలో మిగిలేది మేజరే. ఒట్టి బయాలజీ డిగ్రీతో దొరికేది ఎక్కువగా ల్యాబ్ అసిస్టెంట్ స్థాయి ఉద్యోగం. స్టాటిస్టిక్స్ చదివిన పిల్లకు ఆసుపత్రుల్లో, ఫార్మాలో, ఇన్సూరెన్స్‌లో డేటా పని దొరుకుతుంది. రెండోసారి దరఖాస్తు చేసే ఏడాది తన అద్దె తనే కట్టుకోగలదు.

ఇందులో ఒక చిక్కుంది. మెడికల్ దరఖాస్తులో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ మార్కులతో సైన్స్ జీపీఏ (4కి గ్రేడ్ల సగటు) విడిగా కడతారు. స్టాటిస్టిక్స్ కూడా అందులోకే వస్తుంది. అంటే మేజర్‌లో తగిలిన దెబ్బ సైన్స్ జీపీఏకీ తగులుతుంది. సైన్స్ క్రెడిట్లు 40 ఉన్నప్పుడు 4 క్రెడిట్ల కోర్సులో 'ఏ' గ్రేడు బదులు 'సీ' వస్తే సైన్స్ జీపీఏ 0.2 పడిపోతుంది. మళ్లీ రాసినా పాత గ్రేడు పోదు, రెండూ లెక్కలోకి వస్తాయి. సీటు వచ్చినవాళ్ల సగటు జీపీఏ 3.7 పైనే ఉంటుంది కనుక 0.2 చిన్న విషయం కాదు. దాన్ని సరిచేసుకోవడానికి డిగ్రీ తర్వాత ఇంకో ఏడాది కోర్సులు చదివితే ఫీజు, ఖర్చులు కలిపి 40,000 డాలర్లు దాటిపోవచ్చు.

కాబట్టి కోర్సులు సర్దుకోవడంలోనే డబ్బు ఆదా. మొదటి ఏడు జనరల్ కెమిస్ట్రీ, బయాలజీ. రెండో ఏడు ఆర్గానిక్. మూడో ఏడు ఫిజిక్స్, మొదటి సెమిస్టర్‌లోనే బయోకెమిస్ట్రీ. మూడో ఏడు వసంతంలో ఎంక్యాట్. ఆర్గానిక్ నడిచే సెమిస్టర్‌లో ప్రాబబిలిటీ థియరీ లాంటి బరువైన కోర్సు పెట్టవద్దు. పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. హైస్కూల్లోనే చదివిన కాలేజీ స్థాయి (ఏపీ) కోర్సు క్రెడిట్ ఉందని కెమిస్ట్రీ వదిలేస్తే కొన్ని మెడికల్ కాలేజీలు ఒప్పుకోవు, పై స్థాయి కోర్సు చూపించమంటాయి. కంప్యూటర్ సైన్స్ కూడా కలిపి డబుల్ మేజర్ చేయించాలన్న ఆశ మీకుంటే మానుకోండి. ఐదో ఏడు వచ్చి పడుతుంది.

ఇక కాలేజీ సంగతి. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్ (డిగ్రీ తర్వాతి చదువుల ఖర్చుకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అప్పు) లేదు. మెడికల్ విద్యార్థికి ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000, మొత్తం మీద 2,00,000 డాలర్లు. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ కూడా ఏడాదికి 20,000, ఒక్కో పిల్లకు మొత్తం 65,000 దగ్గర ఆగిపోతుంది. ప్రైవేటు డిగ్రీకి నాలుగేళ్లకు 3,40,000. 529 మొత్తం ఊడ్చినా 1,90,000 తక్కువ. స్టేట్‌లో 1,20,000 అవుతుంది, 30,000 మిగులుతాయి. ఆ డబ్బు మెడికల్ కాలేజీ ఫీజుకూ పనికొస్తుంది. రెండో ఏడు నుంచి ఇంట్లోనే ఉండి చదివితే ఇంకా మిగులుతుంది.

2030లో టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో సీటొస్తే, అన్ని ఖర్చులూ కలిపి 50,000, 60,000 మధ్య ఉంటుందనుకోండి. ఫెడరల్ లోన్, మిగిలిన 529తో దాదాపు సరిపోతుంది. ప్రైవేటులో ఏడాదికి 95,000 అయితే లోటు ఏటా 45,000. దానికి బ్యాంకు లోన్ కావాలి, బ్యాంకు మీ హామీ సంతకం అడుగుతుంది. రిటైర్మెంట్ దగ్గరపడే వయసులో ఆ సంతకం మీ రిటైర్మెంట్ పొదుపు 401(కె) మీద పడ్డ బరువే. ఈ రాష్ట్రంలో ప్రభుత్వ సీట్లలో 90 శాతం టెక్సాస్ వాసులకే కేటాయిస్తారు. మీకున్న పెద్ద ఆస్తి అదే, టెక్సాస్ నివాసం చేజారనివ్వకండి.

గ్రీన్‌కార్డు లేకపోయి ఉంటే ఈ లెక్కంతా మారేది. ఫెడరల్ లోన్లు రావు, చాలా కాలేజీలు దరఖాస్తే తీసుకోవు.

దరఖాస్తు ఖర్చుకు విడిగా డబ్బు పెట్టండి. దేశవ్యాప్త దరఖాస్తులో మొదటి కాలేజీకి 175 డాలర్లు, ఆపై ప్రతి కాలేజీకి 45 పైచిలుకు, తర్వాత ప్రతి కాలేజీ విడిగా అడిగే ఫీజు, ఎంక్యాట్‌కి 340 పైన. ఇరవై కాలేజీలకు 3,500 దాకా అవుతుంది. దరఖాస్తు ఫీజులకు 529 డబ్బు తీస్తే వచ్చిన లాభం మీద పన్ను, ఆ లాభం మీదే 10 శాతం జరిమానా కూడా కట్టాలి. అందుకని ఆ 3,500 మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి.

మే 1న డిపాజిట్ కట్టేలోపు స్టేట్ యూనివర్సిటీ ప్రీ-హెల్త్ అడ్వైజర్‌ని ఒక్కటి అడగండి: స్టాటిస్టిక్స్ మేజర్లకు ఆర్గానిక్ ల్యాబ్‌లో రిజిస్ట్రేషన్ ఎప్పుడు తెరుస్తారు? సైన్స్ మేజర్ల తర్వాత మిగిలిన సీట్లే ఇస్తామంటే, ఆర్గానిక్ వేసవిలో ఎక్కడ చేయాలో ఇప్పుడే చూసుకోవాలి.