కల్లులో ఉండే ఈస్టు మీద పీహెచ్‌డీ చేస్తే బతుకుదెరువు ఉంటదా?

ప్రశ్న: మాది చిట్యాల దగ్గర పల్లె. నేను తాళ్లు గీస్త. బిడ్డ నల్లగొండల బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. ఈస్టు కణం ఎట్ల రెండైతదో, దాన్ని కైనేజులు ఎట్ల నడిపిస్తయో చదివి పీహెచ్‌డీ చేస్తనంటది. బీఈడీ చేసి టీచరైతే చాలని నేనంటున్న. దీంట్ల బతుకుదెరువు ఉంటదా? ఎన్నేండ్లు పడుతది?

జవాబు: అన్నా, ఏండ్ల సంగతి ముందు చెప్తాను. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు. తక్కువేం కాదు. కానీ అన్నేళ్లూ ఖర్చు మీ మీద పడదు. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్ తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 ఇస్తారు. ఇంటద్దె వేరు. 2023 నుంచి ఇదే లెక్క. ఆ పరీక్ష మాత్రం గట్టిది, దాన్ని చిన్నగా చూడొద్దు.

ఇక బిడ్డ ఏం చదవాలనుకుంటోందో మీ పనిలోంచే చెప్తాను. తెల్లారి దింపిన కల్లు తీయగా ఉంటుంది, పొద్దెక్కేసరికి నురగ కట్టి ఘాటెక్కుతుంది. ఆ ఘాటు ఈస్టు చేసే పని. నీరా కోసం లొట్టికి లోపల సున్నం పూస్తే ఈ ఈస్టే ఎదగక కల్లు పొంగదు. చక్కెర ఉన్నంతసేపు ఒక్కో ఈస్టు కణం పక్కన చిన్న మొగ్గ తొడిగి, అది పెరిగాక విడిపోయి రెండవుతుంది. మంచి తిండి దొరికితే గంటన్నరకోసారి. ఎప్పుడు విడిపోవాలి, ఎప్పుడు ఆగాలి అన్నది నడిపించేవే కైనేజులు. ఇవి ప్రొటీన్లే. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్ ముక్క తీసి ఇంకో ప్రొటీన్‌కు అతికిస్తాయి. అతికిన ప్రొటీన్ పనిలోకి దిగుతుంది, లేకపోతే ఉన్న పని మానేస్తుంది.

దీన్ని పట్టుకున్న తీరు నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. 1970 ప్రాంతంలో అమెరికాలో లీలాండ్ హార్ట్‌వెల్ అనే శాస్త్రవేత్త, చల్లగా ఉంటే పెరిగి వేడి తగిలితే ఆగిపోయే ఈస్టులను ఏరాడు. ఆగిన కణాలన్నిటికీ ఒకే తీరు మొగ్గ ఉంటే, చెడిన జన్యువు సరిగ్గా ఆ దశలోనే పనిచేస్తుందన్నమాట. మొగ్గ సైజే గడియారం! అట్లా దొరికిన వాటిలో సీడీసీ28 అనే కైనేజ్ అన్నిటికీ పెద్ద దిక్కు. పాల్ నర్స్ పట్టింది మరో ఈస్టు, పాంబే. ఆఫ్రికా బీరులో దొరికింది కాబట్టి స్వాహిలీలో బీరుకున్న పేరే దానికి పెట్టారు. అందులో సీడీసీ2 కైనేజ్ చెడితే, మనిషి జన్యువు దాని బదులు పనిచేస్తుందని నర్స్ బృందం 1987లో చూపించింది. ఈస్టుకూ మనిషికీ తాళంచెవి ఒకటే. టిమ్ హంట్‌తో కలిపి ఈ ముగ్గురికీ 2001లో నోబెల్ వచ్చింది. ఈ కుటుంబానికే చెందిన రెండు కైనేజులను అడ్డుకునే పాల్బోసిక్లిబ్‌కు 2015లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ మందుగా అనుమతి దొరికింది.

తిండి కరువైతే మాత్రం ఈస్టు దారి మారుస్తుంది. నత్రజని లేక, చక్కెర బదులు అసిటేట్ మాత్రమే ఉంటే, ప్రతి క్రోమోజోమూ రెండేసి ఉన్న ఈస్టులో ఐఎంఈ2 అనే కైనేజ్ లేచి మియోసిస్ మొదలుపెట్టిస్తుంది. డీఎన్ఏ ఒకసారే నకలవుతుంది, కణం మాత్రం రెండుసార్లు విడిపోతుంది, నాలుగు బీజాలు మిగులుతాయి. మొదటిసారి విడిపోయాక ఆ సీడీసీ28 కైనేజ్ జోరు తగ్గాలి, కానీ మళ్లీ డీఎన్ఏ నకలయ్యేంత తగ్గకూడదు. ఆ ఇరుకు సందులోంచి కణం ఎట్లా దాటుతుందో మీ బిడ్డ అడగాలనుకుంటున్న ప్రశ్నల్లో ఒకటి కావచ్చు. మనుషుల్లో ఇదే విభజన తప్పితే డౌన్ సిండ్రోమ్ లాంటివి వస్తాయి.

కొలువుల మాటకొస్తే, నెట్ ఆమెకు పీహెచ్‌డీతో పాటు డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలి పనికీ దారి తెరుస్తుంది. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు. ఈస్టును పెంచడం, కొలవడం చేతికొస్తే టీకాలు, మందుల కంపెనీలుండే హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో పనికొస్తుంది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్ బి టీకా ఈస్టులో తయారైనదే. ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్షలున్నాయి: ఐఐటీల కోసం జామ్‌లో బయోటెక్నాలజీ పేపరు, సెంట్రల్ యూనివర్సిటీ కోసం సీయూఈటీ పీజీ, ఉస్మానియా, మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీల కోసం సీపీగెట్, మూడూ రాయనివ్వండి.

డబ్బులు కట్టి 'రీసెర్చ్ ప్రాజెక్టు' చేయిస్తామనే చోటికి మాత్రం పంపొద్దు. కొన్నేళ్ల కింద ఒక పిల్లను నేనే అట్లాంటి శిక్షణ కేంద్రానికి విచారించకుండా పంపాను. అచ్చేసిన రిపోర్టు చేతిలో పెట్టారు, ల్యాబులో ద్రవాలు కొలిచే పైపెట్ కూడా ముట్టనివ్వలేదు. ఆ తప్పు నాకు ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. దేశంలోని సైన్స్ అకాడమీలు ఇచ్చే వేసవి రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. రెండు నెలలు నిజమైన ల్యాబులో పని, పైగా వాళ్లే డబ్బులిస్తారు.

దరఖాస్తులో రాయడానికి ఆమెకు సొంత పని ఒకటి కావాలి. అది మీ ఇంట్లోనే ఉంది. కాలేజీ మైక్రోస్కోపు కింద కల్లు చుక్క పెట్టి వంద కణాల్లో ఎన్నింటికి మొగ్గ ఉందో లెక్కపెట్టమనండి. అదే సీసాలోంచి మధ్యాహ్నం ఒకసారి, మర్నాడు ఒకసారి. చక్కెర అయిపోయే కొద్దీ మొగ్గలున్నవి తగ్గాలి. తగ్గకపోతే ఎందుకో వెతకాలి. నెల రోజుల తర్వాత కూడా నోటుపుస్తకంలో ఆ లెక్కలు సాగుతుంటే పీహెచ్‌డీ సంగతి మీతో నేనే మాట్లాడతాను. విసుగొచ్చి వదిలేస్తే బీఈడీ గురించి కూడా అంతే మనస్ఫూర్తిగా మాట్లాడుకుందాం.

రేపు లొట్టి దింపినప్పుడు ఒక చిన్న సీసా నిండా ఆమె కోసం పక్కన పెట్టండి. సున్నం పూయని లొట్టిది.