మెడికల్ కోడింగ్‌కి వస్తానంటున్న మేనకోడలికి

బుజ్జీ,

కరీంనగర్‌లో ఫిజియోథెరపీ ఉద్యోగం మానేసి, అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివి బిల్లుల కోసం జబ్బులకి కోడ్‌లు వేసే ఈ కోడింగ్ పని నేర్చుకోవడానికి హైదరాబాద్ వస్తున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో నా పనిలోకి వస్తున్న మొదటి మనిషివి నువ్వే. గర్వంగా ఉంది. రాత్రి నిద్ర మాత్రం సరిగా పట్టలేదు. ఎముకల గురించి నీకు మా అందరికంటే బాగా తెలుసు. అందుకే భయం.

తేలికవి ముందు చెప్పేస్తాను. అమీర్‌పేటలో ఎక్కడ చేరినా ముందు డెమో క్లాసు విను. సీపీసీ అనే కోడర్ల సర్టిఫికెట్ పరీక్షలో 100 ప్రశ్నలు, నాలుగు గంటలు, 70 శాతం రావాలి. కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాయనిస్తారు. సీనియర్ల పాత పుస్తకం చవగ్గా వస్తోందని కొనకు, ఏటా అక్టోబర్ 1 నుంచి కొత్త కోడ్‌లు వస్తాయి.

ఫిజియో చదివావని తెలియగానే నీకు ఆర్థో చార్టులే, అంటే ఎముకల కేసుల రికార్డులే, ఇస్తారు. మోకాలి చిప్ప నుంచి చీలమండ దాకా విరిగినవన్నీ ఎస్82 అనే కోడ్ కింద ఉంటాయి. పాదం ఎముకలు వేరు, అవి ఎస్92. టిబియా షాఫ్ట్ (మోకాలి కింది పెద్ద ఎముక నడిమి భాగం) అయితే ఎస్82.2, దానితో పాటు పక్కనుండే సన్న ఎముక ఫిబ్యులా షాఫ్ట్ కూడా విరిగితే ఎస్82.4 కూడా వేయాలి. కుడా ఎడమా, అడ్డంగా విరిగిందా, ఏటవాలుగానా, మెలితిరిగిందా, ముక్కలైందా, పక్కకి జరిగిందా అన్నదాన్ని బట్టి కోడ్ మారుతుంది. ఇది నీకు త్వరగానే పట్టుబడుతుంది.

చికిత్స ఏ దశలో ఉందో చెప్పే, కోడ్‌లోని ఏడో అక్షరం దగ్గర కొత్తవాళ్ళు తడబడతారు. ‘ఏ’ అంటే పేషెంట్ మొదటిసారి వచ్చాడని కాదు, అసలు చికిత్స ఇంకా జరుగుతోందని. మరో డాక్టర్ దగ్గరికెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నా ‘ఏ’నే. క్లోజ్డ్ ఫ్రాక్చర్ (బయటి గాయం ఎముక దాకా పోనిది) సవ్యంగా అతుక్కుంటూ, కట్టు మార్చడానికో ఫిజియోకో వస్తే ‘డి’. ఆలస్యంగా అతుక్కుంటుంటే ‘జి’, అతుక్కోకపోతే ‘కె’, వంకరగా అతుక్కుంటే ‘పి’. ఫ్రాక్చర్ ఫాలో అప్‌కి ఆఫ్టర్‌కేర్ (చికిత్స తర్వాతి సంరక్షణ) జెడ్ కోడ్ వేయకు.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతికి వస్తాను.

అమెరికా ఐసీడీ-10కి, అంటే ఈ జబ్బుల కోడ్‌ల జాబితాకి, మారింది 2015 అక్టోబర్‌లో. ఆ కొత్తలో నా పక్క సీట్లో ఒక అబ్బాయి ఉండేవాడు. వాడూ ఫిజియోనే. మాకెవరికి ఏ ఎముక దగ్గర సందేహం వచ్చినా వాడినే అడిగేవాళ్ళం. ఒకరోజు బైక్ మీంచి పడ్డ మనిషి చార్ట్ వచ్చింది. ఎమర్జెన్సీ నోట్‌లో టిబియా షాఫ్ట్ ఫ్రాక్చర్ అని, మోకాలి కింద ముందువైపు చీలిక గాయం అని ఉంది. ఓపెన్ (గాయం విరిగిన ఎముక దాకా పోయింది) అన్న మాట లేదు. కానీ అక్కడ టిబియా చర్మం కిందే ఉంటుందని వాడికి తెలుసు కదా! ఆ గాయం ఎముక వల్లే అయి ఉంటుందనుకున్నాడు. ఓపెన్ ఫ్రాక్చర్ తీవ్రత చెప్పే గస్టిలో గ్రేడ్ కూడా తనే ఊహించుకుని, ఒకటో రెండో టైప్‌కి వేసే ‘బి’ పెట్టేశాడు.

అదే చార్ట్‌లో, బాగా కిందకి వెళితే, సర్జన్ ఆపరేటివ్ నోట్ ఉంది. గాయం పైపైనే ఉందని, ఎముక దాకా పోలేదని ఆయన స్పష్టంగా రాశాడు. వాడు అంతదాకా వెళ్ళనే లేదు. జవాబు ముందే తెలిసినవాడికి మిగతా పేజీలతో పనేముంది?

ఆడిట్‌లో అది దొరికింది. ఒకటి దొరికితే వెనక్కి తవ్వుతారమ్మా. వాడు చేసిన ఓపెన్ ఫ్రాక్చర్ చార్టులన్నీ మళ్ళీ తీయించారు. అలాంటివి ఇంకా బయటపడ్డాయి. లేని తీవ్రత చూపించి బిల్లు వేసినట్టు కనిపిస్తుంది కాబట్టి క్లయింట్ ఊరుకోలేదు. ఆ బతుకమ్మకి నేను ఊరికి రాలేదని మీ నానమ్మ అలిగిందే, మేమంతా ఆ చార్టుల ముందే కూర్చున్నాం. వాడిని ఎవరూ పొమ్మనలేదు. తనే రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. మా ఫ్లోర్‌లో అంత తెలివైనవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది.

నువ్వూ చిన్నప్పటి నుంచి అంతే. అడిగేవాళ్ళ ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేదానివి. తిట్టానని ముఖం ముడుచుకోకు, విను. ఓపెనో క్లోజ్డో రాయకపోతే క్లోజ్డ్‌గా, ఎముక జరిగిందో లేదో రాయకపోతే జరిగినట్టుగా కోడ్ చేయమని గైడ్‌లైన్ చెబుతుంది. కానీ గాయం రాసి, ఓపెనో కాదో రాయలేదనుకో, డాక్టర్‌కి క్వెరీ పంపు. ‘ఇది ఓపెన్ ఫ్రాక్చరే కదా?’ అని అడగకూడదు, అది జవాబు నోట్లో పెట్టడం. చార్ట్‌లో ఉన్నది ఉన్నట్టు చూపించి, ఓపెనా, క్లోజ్డా, మరేదైనానా, చెప్పలేమా అని అన్ని దారులూ ఇచ్చి అడగాలి. ఎక్కడ అడగాలో పసిగట్టడానికి నీ ఫిజియో చదువు బాగా పనికొస్తుంది. అక్కడితో దాన్ని ఆపు.

మీ నానమ్మ గడప తట్టుకుని కాలు విరగ్గొట్టుకున్నప్పుడు, ఎముకలు గుల్లబారాయని డాక్టర్ చెప్పాడు, గుర్తుందా? నువ్వే దగ్గరుండి నడిపించావు. అలాంటి చార్ట్ వస్తే ఎస్82 వేసేయకు. ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) ఉందని రాసి ఉండి, గట్టి ఎముకైతే విరగనంత చిన్న దెబ్బైతే ఎం80 వేయాలి. అలాగని ముసలావిడ కదా అని, రాయని జబ్బు నువ్వు అంటగట్టకు. అమ్మ గుర్తొచ్చి నాకు ఆ చార్టుల దగ్గర చెయ్యి ఆగుతుంది. ఆగి, రెండోసారి చదివే పంపుతాను.

హాస్టల్ వెతకొద్దు. మూసాపేటలో నా ఇల్లుండగా పరాయి చోట ఎందుకు? అమీర్‌పేటకి మెట్రో ఉంది. నైట్ షిఫ్ట్ వస్తే కంపెనీ క్యాబ్ ఇంటి దాకా వస్తుందో లేదో చేరేముందే అడుగుదాం. ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా విడిగా డబ్బు అడిగితే పైసా ఇవ్వకు, ముందు నాకు ఫోన్ చెయ్యి. ఫీజు కాగితాలు కూడా కట్టేముందు వాట్సాప్‌లో పంపు, నేను చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
అత్తయ్య