పచ్చళ్ల సైట్‌కి డాట్ ఎక్స్‌వైజెడ్ తీసుకోవచ్చా? – సమాధానం

శ్రీలత గారూ, మొదటి ఏడాది చౌకగా వస్తోందని మీ పచ్చళ్ల సైట్ పేరు చివర డాట్ ఎక్స్‌వైజెడ్ (.xyz) తీసుకోవాలా అని అడిగారు. ఆర్డర్లు, డబ్బు నడిచే సైట్‌కి వద్దండి. చౌక ఎక్స్‌టెన్షన్లలో, అంటే సైట్ పేరు చివర వచ్చే డాట్ ముక్కల్లో, స్పామర్లు వందలకొద్దీ పేర్లు కొంటారు. అందుకే కొన్ని మెయిల్ ఫిల్టర్లు ఆ చివర ఉన్న పేర్లన్నిటినీ అనుమానిస్తాయి. మీ ఆర్డర్ కన్ఫర్మేషన్ నేరుగా స్పామ్‌లో పడొచ్చు.

పూర్తిగా ఉచితమైనవాటి జోలికి అసలు వెళ్లకండి. డాట్ టీకే పేర్లు ఉచితంగా పంచిన ఫ్రీనామ్ అనే కంపెనీ 2023లో కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేసింది, మరుసటి ఏడాది డొమైన్ల (సైట్ పేర్ల) వ్యాపారాన్నే వదులుకుంది.

రెండక్షరాల ఎక్స్‌టెన్షన్ ఒక దేశానిదో ప్రాంతానిదో, రూల్స్ కూడా వాళ్లవే. బ్రెగ్జిట్ తర్వాత అర్హత పోయిన బ్రిటన్ వాసుల డాట్ ఈయూ (యూరోపియన్ యూనియన్) పేర్లు 2021 జనవరి 1న సస్పెండ్ అయ్యాయి. మీ కస్టమర్లు ఎక్కువగా ఇక్కడివాళ్లే కాబట్టి నిక్సీ అనే భారతీయ సంస్థ చూసే డాట్ ఇన్ నిశ్చింత. అమెరికాకీ పంపుతారు గనక డాట్ కామ్ మెయిన్‌గా పెట్టి, డాట్ ఇన్‌ని దానికి రీడైరెక్ట్ చేయండి, అంటే డాట్ ఇన్ కొట్టినా డాట్ కామ్ సైటే తెరుచుకునేలా పెట్టండి.

కొనేముందు చూడాల్సింది ఆఫర్ ధర కాదు, తర్వాత పేరు నిలుపుకోవడానికి కట్టే రెన్యువల్ ధర. అది కార్ట్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పేరు మీ సొంత ఈమెయిల్ మీదే రిజిస్టర్ చేయండి, సైట్ కట్టే కుర్రాడి మెయిల్ మీద వద్దు. ఆటో రెన్యూ, పేరును వేరేచోటికి మార్చకుండా ఆపే ట్రాన్స్‌ఫర్ లాక్, లాగిన్‌కి పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ అడిగే టూ-ఫ్యాక్టర్ ఆన్ చేయండి. ఆటో రెన్యూకి ఇచ్చిన కార్డు గడువు కూడా చూసుకోండి, చాలామంది పేరు పోగొట్టుకునేది అక్కడే. డాట్ కామ్ డిలీట్ అయ్యాక రిడెంప్షన్‌కి, అంటే పేరు తిరిగి తెచ్చుకోవడానికి, 30 రోజులుంటాయి కానీ ఫీజు చాలా ఎక్కువ.