శ్రీకాళహస్తి ఎండీఎఫ్ వంటింటికి పనికొస్తుందా?

తిరుపతిలో కొత్త ఫ్లాటు, కార్పెంటరేమో ప్లైవుడ్ తప్ప వేరేది ముట్టనంటున్నాడు, ఇంటీరియర్ వాళ్లేమో శ్రీకాళహస్తి దగ్గర తయారయ్యే ఎండీఎఫ్ (కర్ర పీచును జిగురుతో నొక్కి చేసే బోర్డు) వేస్తామంటున్నారు, ఎవరి మాట వినాలి అని అడిగారు. నెల్లూరులో మాకు మాడ్యులర్ ఫర్నిచర్ యూనిట్ ఉంది. రెండూ రోజూ కోస్తాం కాబట్టి చెబుతున్నా: ఇద్దరూ సగం సగం కరెక్టే.

ఆ ఫ్యాక్టరీ గ్రీన్‌ప్యానెల్ వాళ్లది, తొట్టంబేడు మండలం రౌతు సూరమాలలో ఉంది. 2018లో మొదలైంది. అప్పట్లో గ్రీన్‌ప్లై అనే ప్లైవుడ్ కంపెనీలో భాగం, 2019లో విడి కంపెనీ అయింది. సెంచరీ ప్లైవుడ్ వాళ్లు కూడా కడప జిల్లా బద్వేలు దగ్గర ప్లాంటు పెట్టారు. ఇక్కడికే రావడానికి కారణం మన రైతులు వేసే జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలే.

ఆ కర్రను ముక్కలుగా కొట్టి, ఆవిరిలో మెత్తబరిచి, పీచు తీసి, జిగురు కలిపి ఆరబెట్టి, వేడి ప్రెస్సులో నొక్కుతారు. అందుకే బోర్డులో ముడులుండవు, లోపల గుల్ల ఉండదు. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత మెషిన్) మీద డిజైన్ కోసినా, పెయింట్ వేసినా అద్దంలా నున్నగా వస్తుంది. పొడవాటి వార్డ్‌రోబ్ తలుపులకు నేను ప్లైవుడ్ కన్నా దీన్నే ఇష్టపడతాను. ప్లైవుడ్ తలుపు కొన్నాళ్లకు వంకర తిరిగే అవకాశం ఎక్కువ.

చిక్కంతా నీళ్లతోనే. ఈ మధ్య ఒక ఇంట్లో సింకు కింద పాత ఎండీఎఫ్ క్యాబినెట్ విప్పాం. ఎవరు చేశారో గానీ పైపు కోసం కోసిన రంధ్రం అంచు అలాగే వదిలేశారు. సరిగ్గా అక్కడే ఉబ్బింది, మిగతా పలక బాగానే ఉంది. మామూలు ఎండీఎఫ్ ఒకసారి ఉబ్బితే మళ్లీ ఆరినా పాత మందానికి రాదు. అందుకని సింకు కింద బాక్సు ఐఎస్ 710 మార్కున్న, నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌తో చేయించండి. పై క్యాబినెట్లు, బెడ్‌రూమ్ తలుపులు, టీవీ యూనిట్ ఎండీఎఫ్‌తో చేయించినా టెన్షన్ లేదు, నాలుగు అంచులకూ మెషిన్ ఎడ్జ్ బ్యాండింగ్ (అంచును మూసే పట్టీ) ఉంటే చాలు.

మీ కార్పెంటర్ విసుగుకు ఇంకో కారణం ఉంది. ఎండీఎఫ్ అంచులోకి నేరుగా స్క్రూ దించితే చీలుతుంది, ముందు సన్న రంధ్రం వేయాలి. 18 ఎంఎం షీటు దాదాపు 40 కిలోలు తూగుతుంది, దుమ్ము గొంతులో పడుతుంది. మెషిన్లు లేని మనిషితో మాత్రం ఎండీఎఫ్ పని చేయించకండి, అతనికి ప్లైవుడ్డే ఇవ్వండి.

హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అని ఇంకో రకం కూడా ఉంది, ఇంకా గట్టిగా నొక్కిన, తేమను కాస్త ఎక్కువ తట్టుకునే బోర్డు. లోపల పచ్చగా ఉంటే నీళ్లకు ఆగుతుందని నమ్మకండి, అది కలిపిన రంగు మాత్రమే. డీలర్ దగ్గర ఒక తుక్కు ముక్క అడిగి తెచ్చుకుని, మందం కొలిచి, రాత్రంతా నీళ్లలో వేసి, పొద్దున్న మళ్లీ కొలిచి ఎంత ఉబ్బిందో చూడండి.

పిల్లలుంటే ఈ1 గ్రేడ్ అడగండి, జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే వాయువును తక్కువ వదులుతుంది. కొత్త బోర్డు దగ్గర కళ్లు మండితే ఆ వాయువు పనే కావచ్చు. కొటేషన్‌లో ఉత్త ‘ఎండీఎఫ్’ అని రాస్తే ఒప్పుకోకండి. కంపెనీ, గ్రేడు, మందం, ఐఎస్ 12406 (ఎండీఎఫ్‌కు భారతీయ ప్రమాణం) మార్కు రాయించాకే అడ్వాన్సు ఇవ్వండి.